విద్యుత్తునకు లొంగిన నిప్పు

వాడరేవు నుండి తీరము వెంట ఈశాన్యముగా పోయినచో బాపట్ల చెంత సూర్యలంక వచ్చును. అచ్చట భారత వైమానిక దళము వారి క్షిపణి ప్రయోగ స్థలము కలదు. అదే తీరము వెంట దక్షిణముగా చాల దూరము పోయినచో పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట కనబడును. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుండి రోహిణి అను చిన్న రాకెట్టు ఎగిరినది. 2023 డిసెంబరులో సూర్యలంకలో ఆకాశ్ క్షిపణి వ్యవస్థ ఒకేసారి నాలుగు లక్ష్యములను కూల్చినది. ఈ వార్తలను మనము పత్రికలలో చదివి సంతోషింతుము. ప్రయోగ దినములలో పడవలను ఆపుదురు గనుక ఆ ప్రాంతపు మత్స్యకారులకు ఈ సంగతులు మనకన్న ముందే తెలియును. అయితే ఆ నిప్పు ఎట్లు పుట్టును? పుట్టిన పిమ్మట అది మనిషి మాట వినునా? ఈ ప్రశ్నలు మాత్రము తరగతిలో అంతగా చర్చకు రావు. ఈ వ్యాసమునకు అవియే విషయము.

విద్యుత్తుచే అంటుకొను చోదకములు అను మాటకు రెండర్థములు కలవు. మొదటి అర్థమున విద్యుత్తు అగ్గిపుల్ల వంటిది. అంటించిన పిమ్మట దానికి పని లేదు. ఇది నూరేండ్లకు పైబడిన విద్య. రెండవ అర్థమున విద్యుత్తు అగ్గిపుల్లయు అగును, కళ్ళెమును అగును. ప్రవాహమున్నంత సేపు మండుట, మీట తీసినచో ఆరుట దాని గుణము. ఇది గడచిన మూడు దశాబ్దములలో పెరిగిన విద్య. రెంటికిని పేరు దాదాపు ఒకటే గనుక విద్యార్థులు పొరబడుదురు. కాని ఈ భేదమున మనుష్యుల ప్రాణములు ఇమిడి యున్నవి. అది ముందు తెలియగలదు.

చోదకమనగా ఇంధనమును, దానిని మండించు ఆక్సిజన్ నిచ్చు ఆక్సీకరణియు ఒకేచోట చేరిన పదార్థము. కట్టెకు గాలి కావలెను. చోదకమునకు గాలితో పని లేదు. అందుచేతనే అది గాలిలేని అంతరిక్షమున సైతము మండును. దీనికి పెద్దన్న వంటిది మన తుపాకిమందు. ఉర్దూ చదువు మా విద్యార్థులు దానిని బారూద్ అందురు. బొగ్గు, గంధకము ఇంధనములు, సూరేకారము ఆక్సీకరణి. తెలుగువాని సూరేకారమును, ఉర్దూవాని షోరాయును ఒక్క వస్తువే యని చెప్పినచో ఇరు తరగతుల వారును నవ్వుకొందురు గాని రసాయనశాస్త్రము దృష్టిలో అది పొటాసియం నైట్రేటు మాత్రమే.

ఈ బారూద్‌తో రాకెట్టును యుద్ధసాధనముగా తీర్చినవారిలో హైదరాలీ, టిప్పు సుల్తానులు అగ్రగణ్యులు. వారి కార్మికులు కాగితపు గొట్టమునకు బదులు ఇనుప గొట్టమును వాడిరి. గొట్టము గట్టిదైనచో లోపలి పీడనము పెరుగును, పీడనము పెరిగినచో మందు వేగముగా మండును, రాకెట్టు దూరము పోవును. 1780 సెప్టెంబరు 10న కాంచీపురము చెంత పొల్లిలూరు యుద్ధమున ఆంగ్లేయులు ఈ రాకెట్ల దెబ్బ చవిచూచిరి. 1799లో శ్రీరంగపట్నము పతనమైన పిమ్మట వీనిలో కొన్ని ఇంగ్లండు చేరెను. వానిని చూచియే విలియం కాంగ్రీవ్ తన రాకెట్లను నిర్మించెను. అమెరికాలోని వాలప్స్ కేంద్రమున టిప్పు సైన్యపు రాకెట్ల చిత్రపటమును చూచితినని అబ్దుల్ కలామ్ తన ఆత్మకథలో వ్రాసినారు. ఆ కలామ్‌గారి నాయకత్వముననే నాలుగంతస్తుల ఘన చోదక వాహనమైన ఎస్.ఎల్.వి.-3 1980 జులై 18న శ్రీహరికోట నుండి రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది.

టిప్పు నాటి రాకెట్టును వత్తితో అంటించిరి. వత్తికి తేమ తగిలినచో ఆరును, గాలి తగిలినచో త్వరగా కాలును. రెండు రాకెట్లను ఒక్క క్షణమున లేపుట వత్తికి సాధ్యము కాదు. అంటించువాడు దూరము తొలగుటకు చాలినంత వ్యవధి ఉండునను నమ్మకమును లేదు. ఈ లోపములన్నిటికిని విద్యుత్తు జవాబు చెప్పినది.

ఆ జవాబు ఇంటర్మీడియట్ పుస్తకములోని జౌల్ సూత్రమే. తీగలో పుట్టు ఉష్ణము, ప్రవాహపు వర్గమును, నిరోధమును, కాలమును గుణించిన వచ్చును. వెంట్రుక వంటి నిక్రోము తీగ ముక్క నొకదానిని తలచుకొనుడు. దాని నిరోధము ఒక ఓము. అందు 5 ఆంపియర్లు సెకనులో నూరవ వంతు పారినవి. 25 ను 1 తోను, 0.01 తోను గుణించినచో పావు జౌలు. ఈ పావు జౌలు ఒక గ్రాము నీటిని డిగ్రీలో ఆరు శతాంశములు మాత్రమే వెచ్చచేయును. ఇంత స్వల్పమా యని తోచును. అయితే ఆ తీగ బరువు మిల్లీగ్రాములో కొద్ది భాగమే గనుక అదే ఉష్ణము దానిని కరగించుటకు చాలును. తీగ చుట్టు పూసిన సున్నితమైన మందు చుక్క భగ్గుమనును. దీనిని స్క్విబ్ అందురు. స్క్విబ్ నుండి మందు బిళ్ళలకు, బిళ్ళల నుండి ఇగ్నైటరునకు, దాని నుండి అసలు చోదకమునకు నిప్పు ప్రాకును. పెద్ద మోటారులలో ఆ ఇగ్నైటరే ఒక చిన్న రాకెట్టు.

స్క్విబ్‌కు ఒక విచిత్రమైన పరీక్ష కూడ కలదు. అది ఎంత సులభముగా అంటుకొనునో చూచుట కాదు, ఎంతవరకు అంటుకొనకుండ ఉండునో చూచుట! ఒక ఆంపియరు ప్రవాహమును, ఒక వాట్టు సామర్థ్యమును ఐదు నిమిషములు భరించి మిన్నకుండవలెనని ప్రమాణము. దారి తప్పి వచ్చిన చిల్లర విద్యుత్తునకు అది లేవరాదు. ఈ నియమము వెనుక గల కారణమును చెప్పుటకు ముందు ఘన చోదకపు మొండితనమును గూర్చి చెప్పవలెను.

కిరసనాయిలు స్టవ్వును పెంచవచ్చును, తగ్గింపవచ్చును, ఆర్పవచ్చును. తారాజువ్వను అంటించినవాడు దానిని ఏమియు చేయలేడు. ద్రవ ఇంధన ఇంజను స్టవ్వు వంటిది, ఘన మోటారు తారాజువ్వ వంటిది. పి.ఎస్.ఎల్.వి. మొదటి అంతస్తులో సుమారు 139 టన్నుల ఘన చోదకము నిండి యుండును. అమ్మోనియం పెర్‌క్లోరేటు పలుకులను, అల్యూమినియం పొడిని రబ్బరు వంటి పాలిమరులో కలిపి పోసిన ముద్ద అది. అంటుకొనినచో సుమారు నూరు సెకండ్లలో అంతయు వాయువై పోవును. నడుమ ఆపు మీట లేదు. మంట ఎక్కువ తక్కువలన్నియు ముద్ద నడుమ తొలిచిన రంధ్రపు ఆకారమును బట్టి ముందే నిర్ణయింపబడి యుండును. చెప్పవలసిన దంతయు పోత పోసిన నాడే చెప్పవలెను.

దీనికి మన తీరముననే చక్కని దృష్టాంతము కలదు. జి.ఎస్.ఎల్.వి. అను వాహనమునకు నడుమ ఘన మోటారు, చుట్టును నాలుగు ద్రవ ఇంజనులు. చుట్టుపక్కల ద్రవ ఇంజనులను సుమారు ఐదు సెకండ్లు ముందుగా వెలిగింతురు. అవి నాలుగును చాలినంత తోపుడు నిచ్చుచున్నవని కంప్యూటరు తేల్చుకొనిన పిమ్మటనే నడిమి ఘన మోటారునకు విద్యుత్సంకేతము పోవును. 2001 మార్చి 28న మొదటి ప్రయోగమున సరిగా ఇదియే అక్కరకు వచ్చినది. ద్రవ ఇంజనులు వెలిగినవి. వానిలో ఒకటి చాలినంత తోపుడు నీయలేదు. లేచుటకు క్షణమాత్రము ముందు కంప్యూటరు అన్నిటిని ఆర్పివేసినది. సుమారు 125 టన్నుల ఘన చోదకము చెక్కుచెదరక మిగిలినది. ఏప్రిల్ 18న అదే వాహనము జీశాట్-1 ను మోసికొని లేచినది. ఆ దినమున ఘన మోటారే ముందు అంటుకొని యుండినచో వాహనము గాని ప్రయోగ వేదిక గాని ఏమై యుండెడివో ఊహించుట కష్టము కాదు. ఆర్పుటకు వీలున్న దానిని ముందు, వీలులేని దానిని చివర అను ఆ క్రమమును ఏర్పరచినవారి వివేకమును మేము ఎంతయో మెచ్చుకొందుము.

ఇక చిల్లర విద్యుత్తు సంగతి. 1964 ఏప్రిల్ 14న అమెరికాలోని కేప్ కెన్నెడీలో సూర్యుని పరిశీలించు ఉపగ్రహమును మోయవలసిన డెల్టా రాకెట్టు మూడవ అంతస్తు ఒక భవనములో పరీక్షలో ఉండెను. దానిని కప్పిన ప్లాస్టిక్ పొర వలన పుట్టిన స్థిర విద్యుత్తు ఇగ్నైటరును లేపినది. ఆ గదిలోని వారిలో పదునొకండుగురు కాలిరి, అందు ముగ్గురు మరణించిరి. 2003 ఆగస్టు 22న బ్రెజిల్ దేశపు అల్కాంతరలో, ప్రయోగమునకు మూడు దినములు ముందు, మొదటి అంతస్తులోని నాలుగు మోటారులలో ఒకటి తనంతట తాను వెలిగినది. 21 మంది నిపుణులు మరణించిరి. ఇగ్నైటరునకు చేరిన అనుకోని విద్యుత్తే కారణమై యుండవచ్చునని విచారణలో తేలినది. మన శ్రీహరికోటలోను 2004 ఫిబ్రవరి 23న ఘన చోదకము తయారగు చోట అగ్నిప్రమాదము జరిగి ఆరుగురు ప్రాణములు కోల్పోయిరి. ఇది ఇగ్నైటరు ప్రమాదము కాదు. అయినను ఈ పదార్థముతో పనిచేయువారు దినదినము ఎట్టి దాని నడుమ నిలుచుచున్నారో తెలుపును.

మనిషి శరీరము సుమారు 150 పికోఫారడుల కెపాసిటరు వంటిది. పొడిగాలిలో నైలాను బట్టలతో నడచినచో పదివేల వోల్టులు సైతము ఎక్కవచ్చును. కెపాసిటరు శక్తి సూత్రములో వేసి చూచినచో ఏడున్నర మిల్లీజౌలులు. తలుపు పిడి ముట్టినపుడు చురుక్కుమనుట ఇదియే. సున్నితమైన మందునకు ఆ చురుకు చాలును. అందుకే చోదకశాలలలో విద్యుత్తును ప్రవహింపనిచ్చు చెప్పులు, నేలకు కలిపిన రాగి పట్టీలు, నూలు బట్టలు, గాలిలో తగినంత తేమ తప్పనిసరి. ఇగ్నైటరు తీగల రెండు కొసలను చివరి వరకు ఒకదానితో ఒకటి మెలిపెట్టి ఉంచుదురు. పెద్ద మోటారులలో స్క్విబ్‌కును చోదకమునకును నడుమ తిరుగు అడ్డుపలక నొకదానిని పెట్టుదురు. పొరపాటున స్క్విబ్ లేచినను నిప్పు ఆ పలకను దాటదు. ప్రయోగమునకు ముందు దూరము నుండియే దానిని త్రిప్పుదురు.

పరిశ్రమలలో ఇదే సన్నని తీగ మరియొక వేషము ధరించినది. సింగరేణి బొగ్గు గనులలో, పలనాటి సున్నపురాతి గనులలో రాతిని పగులగొట్టుటకు డిటొనేటరు కావలెను. 1961లో హైదరాబాదు కూకట్‌పల్లిలో ఇండియన్ డిటొనేటర్స్ అను కర్మాగారము వెలసినది. ఐ.డి.ఎల్. అను పేరుతో ఆ ప్రాంతము వారు దానిని నేటికిని తలతురు. అయితే చోదకమును, ప్రేలుడు పదార్థమును ఒకటిగా తలపరాదు. చోదకములో మంట సెకనుకు కొద్ది మిల్లీమీటర్లు జరుగును. ప్రేలుడు తరంగము సెకనుకు కొన్ని కిలోమీటర్లు పోవును. ఒకటి తోయును, ఒకటి పగులగొట్టును. విద్యుత్ డిటొనేటరులో వేర్వేరు ఆలస్యములు పెట్టి ఒక వరుస రాయి జరిగిన పిమ్మట వెనుకటి వరుసను లేపుదురు. అందుచే ఊళ్ళలో ఇండ్ల అదురు తగ్గును. కాని ఏ బ్యాటరీ తగిలించినను అది లేచును. అదియే దాని దోషము, దుర్వినియోగమునకును అదియే కారణము. ఈ కారణమున కేంద్ర ప్రభుత్వము విద్యుత్ డిటొనేటరుల తయారీని, వాడకమును 2025 ఏప్రిల్ 1 నుండి నిషేధించుచు ఉత్తర్వు వెలువరించినది. వాని స్థానమున వచ్చు ఎలక్ట్రానిక్ డిటొనేటరులో చిన్న చిప్పు ఉండి, సరియైన సంకేతము వచ్చిననే తలుపు తీయును.

మోటారు కార్లలోని ఎయిర్‌బ్యాగు కూడ స్క్విబ్ బిడ్డయే. కారు గుద్దుకొనగనే ప్రవాహము పారి, చిన్న చోదకపు బిళ్ళలు వాయువై, కన్ను మూసి తెరచు లోపల సంచిని నింపును. మొదట సోడియం అజైడు వాడిరి. దాని నుండి వచ్చునది నైట్రోజన్ వాయువే యైనను అజైడు మాత్రము విషము. పిమ్మట జపానునకు చెందిన తకాటా సంస్థ అమ్మోనియం నైట్రేటును వాడినది. ఏండ్ల తరబడి వేడిని, తేమను పీల్చిన ఆ బిళ్ళలు నిర్ణీత వేగమునకు మించి మండి, లోహపు డబ్బాను పగులగొట్టి, కాపాడవలసిన వారినే చంపినవి. కోట్ల వాహనములను వెనుకకు పిలిపింపవలసి వచ్చి ఆ సంస్థ 2017లో దివాలా తీసినది. వేడియు తేమయు గల సముద్రతీరములలో ముప్పు అధికమని తేలినది. వాడరేవు, చీరాల, రేపల్లె వాసులకు ఇది దూరపు కథ కాదు.

ఎయిర్‌బ్యాగునకు విషము లేని వాయువు నిచ్చు పదార్థమును 1990లలో అమెరికాలో వెదకిన రసాయనవేత్తల కృషి నుండియే మేము మొదట చెప్పిన రెండవ రకపు చోదకము వెలువడినది. దాని ముఖ్య ద్రవ్యము హైడ్రాక్సిల్ అమ్మోనియం నైట్రేటు అను లవణము. దీనిని పాలీవినైల్ ఆల్కహాలు వంటి పాలిమరుతో కలిపినచో సాగు రబ్బరు వంటి ఘనపదార్థమగును. అగ్గిపుల్ల గీసి చూపినను సాధారణ పీడనమున అది మండుట కొనసాగదు. రెండు ఎలక్ట్రోడులు తాకించి కొన్ని వందల వోల్టులు పెట్టినచో ఆ తాకిన చోట మండును. వోల్టేజి తీసినచో ఆరును. మరల పెట్టినచో మరల మండును. ప్రవాహము పెంచినచో మంట హెచ్చును.

ఇట్లేల జరుగును? పొడి ఉప్పు గడ్డలో సోడియం, క్లోరైడు అయానులు ఉన్నను అవి స్ఫటికములో బిగిసి యుండును గనుక విద్యుత్తు పారదు. ఉప్పు నీటిలో అవే అయానులు కదలును, టార్చిలైటు బల్బు వెలుగును. ఈ ప్రయోగము మన ప్రయోగశాలలో ఎవరైనను చేయవచ్చును. పి.ఎస్.ఎల్.వి. చోదకము పొడి ఉప్పు వంటిది. పెర్‌క్లోరేటు అయానులు పలుకులలో బిగిసి, చుట్టును రబ్బరు బంధకము ఆవరించి యుండును. క్రొత్త చోదకము ఘనమే యైనను లోపల అయానులు కదలగలవు. ఆ కదలిక వలన పుట్టు వేడియు, ఎలక్ట్రోడు చెంత జరుగు రసాయన చర్యయు కలసి దానిని రగుల్చును. దేని పాలు ఎంత యను విషయమున పరిశోధనలు జరుగుచున్నవి. మంటను నిలుపునది విద్యుత్తే గనుక దానిని తీసిన క్షణమున మంటకు ఆధారము పోవును.

దీనిని అంతరిక్షమున పరీక్షించిన ఉపగ్రహము స్పిన్‌శాట్. అమెరికా నౌకాదళ పరిశోధనశాల దీనిని నిర్మించినది. 57 కిలోల బరువు, 56 సెంటీమీటర్ల వ్యాసము గల గోళమది. దాని మీద ఇట్టి చిన్న చోదక యంత్రములు పండ్రెండు అమర్చిరి. 2014 సెప్టెంబరులో అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు చేరినది. నవంబరు 28న వ్యోమగాములు దానిని కేంద్రము నుండి వదలిరి. మనుష్యులు నివసించు గదులలోనికి చోదకముతో కూడిన వస్తువును కొనిపోవుటకు అనుమతి లభించినదనగా దాని మెత్తదనము మీద ఎంత నమ్మకమో తెలియును. అల్కాంతర వేదికను తలచుకొనినచో ఈ నమ్మకపు విలువ మరింత తెలియగలదు. ఇదే లవణముతో చేసిన ద్రవ చోదకమును 2019 జూన్‌లో నాసా సంస్థ ఒక ఉపగ్రహములో పంపినది. విషపూరితమైన హైడ్రజీనునకు ప్రత్యామ్నాయముగా దానిని పరీక్షించిరి.

ఇంత సుగుణవంతమైన చోదకము పెద్ద రాకెట్లలోనికి ఏల రాలేదని మా విద్యార్థులు అడుగుదురు. మొదటి చిక్కు పీడనము. లోపలి పీడనము ఒక హద్దును దాటినచో ఈ పదార్థము విద్యుత్తును తీసివేసినను మండుచునే యుండును, అనగా మరల తారాజువ్వయే అగును. పెద్ద మోటారుకు ఆ పీడనమే కావలెను. ఆ హద్దును పెంచు ప్రయత్నములు జరుగుచున్నవి. రెండవ చిక్కు విద్యుత్తు. ఎలక్ట్రోడు తాకిన చోటనే మండును గనుక 2.8 మీటర్ల వ్యాసము గల మోటారు లోపలి ముఖమంతటికిని ప్రవాహము నందించుటకు మోయలేనంత బ్యాటరీ కావలెను. ఎలక్ట్రోడులు సైతము ఆ వేడికి అరుగును. మూడవది మన తీరమువారు వెంటనే గ్రహింపగలిగినది. ఈ లవణము గాలిలోని నీటిని ఆశగా పీల్చును. వాడరేవు గాలిలో ఇనుప మేకు ఎంత కాలము నిలుచునో ఎరిగినవారికి దీనిని బిగించిన డబ్బాలలో కాపాడవలసిన అవసరమును వేరుగా చెప్పనక్కరలేదు. కనుక ప్రస్తుతము దీని పని చిన్న ఉపగ్రహములను కొద్దికొద్దిగా త్రిప్పుట, జరుపుట. జి.ఎస్.ఎల్.వి. ప్రయోగమున నడిమి ఘన మోటారు వంతు నేటికిని ద్రవ ఇంజనుల తరువాతనే వచ్చుచున్నది.